‘ఊరుకో అమ్మా’ అనే మాట మానేద్దాం

(గిల్లేసూగూరులో యవనస్థులు, తల్లిదండ్రులు కలిసి కూర్చున్న కూడికలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



అమ్మలారా, అయ్యలారా, తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! పని దినం పోగొట్టుకొని వచ్చినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారని మాకు తెలుసు. అందుకే డొంకతిరుగుడు లేకుండా మాట్లాడతాం. ఈ రోజు మనం మాట్లాడుకునే విషయం గుడిలో సాధారణంగా మాట్లాడుకునేది కాదు. కాలేజీల్లో, యూనివర్సిటీల్లో ఆడపిల్లల మీద జరిగే లైంగిక హింస గురించి, అది జరిగినప్పుడు ఆ సంస్థలు ఏం చేస్తున్నాయి, ఏం చేయాలి అన్నదాని గురించి మాట్లాడుకుందాం. మనం ఏం చేస్తున్నామో కూడా అడుగుదాం.

మన గిల్లేసూగూరు నుంచి పిల్లలు చదువుకు ఎన్ని వైపులకు పోతున్నారో ఒకసారి చూడండి. రాయచూరులోనే ఇప్పుడు యూనివర్సిటీ ఉంది, వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, ట్రిపుల్ ఐటీ ఉంది. తుంగభద్ర దాటితే కర్నూలు. కృష్ణ దాటితే తెలంగాణ, ఇంకా ముందుకు పోతే హైదరాబాద్. ఇంట్లో కన్నడ, తెలుగు రెండూ మాట్లాడే మన పిల్లలకు అన్ని దారులూ తెరిచే ఉన్నాయి. మన ఇళ్ళలో పియూసీ దాటిన మొదటి ఆడపిల్ల ఎవరు అని అడిగితే చాలా ఇళ్ళలో ఇప్పుడు హాస్టల్లో ఉన్న పిల్ల పేరే చెబుతారు. ఆమె వాళ్ళమ్మ చదవలేదు, అమ్మమ్మ చదవలేదు. ఆ పిల్ల వెనక ఒక కుటుంబం మొత్తం నిలబడి ఉంది.

ఆ పిల్లను బస్సెక్కించేటప్పుడు మనం ఏం చెబుతాం? ‘జాగ్రత్తమ్మా’ అంటాం. ‘తల వంచుకొని పో, తల వంచుకొని రా’ అంటాం. ప్రార్థన చేసి పంపిస్తాం. ప్రార్థన మంచిదే. కానీ ఆమె జాగ్రత్తగా ఉన్నా ఏదైనా జరిగితే ఏం చేయాలో మాత్రం చెప్పం. ఎవరి దగ్గరికి పోవాలో, ఏం రాయాలో, మాకు ఫోన్ చేస్తే మేం ఏమంటామో చెప్పం. ఆ చెప్పని మాట గురించే ఈ రోజు మా మనవి.

ముందు మా తప్పు ఒప్పుకుంటాం.

కొన్నేళ్ళ కిందట ఒక అమ్మాయి మా దగ్గరికి వచ్చింది. ఊరు పేరు, కాలేజీ పేరు చెప్పం. ఆమె ఒప్పుకున్న తర్వాతే ఇంత మాత్రం చెబుతున్నాం. ఆమెకు పాఠం చెప్పే ఒకాయన రాత్రిపూట మెసేజీలు పెట్టేవాడు. మొదట పాఠాల గురించి, తర్వాత ఆమె బట్టల గురించి. ఒక రోజు గదికి పిలిచి చేయి పట్టుకున్నాడు. ఇంటర్నల్ మార్కులు ఆయన చేతిలోనే ఉన్నాయి. ఇంట్లో చెబితే చదువు మాన్పిస్తారని ఆమె భయం. అందుకే ఇంటికి పోకుండా, న్యాయం గురించి మాట్లాడేవాళ్ళం కదా అని మా దగ్గరికి వచ్చింది.

మేం ఏం చెప్పామో తెలుసా? ‘పరీక్షలు అయ్యేదాకా ఊరుకో అమ్మా. నీ భవిష్యత్తు పాడవుతుంది. మేం ప్రార్థన చేస్తాం’ అన్నాం. మనసులో మంచే ఉంది. కానీ మేం చెప్పిన సలహా చెడ్డది. ఆమె ఊరుకుంది. ఆయన ఊరుకోలేదు. చివరి సెమిస్టరు పరీక్ష రాయకుండానే ఆమె ఇంటికి వచ్చేసింది. ఊళ్ళో అందరూ ‘పిల్లకు చదువు అబ్బలేదు’ అనుకున్నారు. మేం కూడా నోరు తెరవలేదు.

తర్వాత మేం చట్టం చదివాం. ఆమెకు ఏ భయం ఉందో ఆ భయానికే నియమాల్లో మందు రాసి ఉంది. విచారణ సాగుతున్నంత కాలం, ఎవరి మీద ఫిర్యాదు ఉందో వారు ఫిర్యాదు చేసిన విద్యార్థిని పేపర్లు దిద్దకుండా, మార్కులు వేయకుండా ఆపించే అవకాశం ఉంది. ఆ ఒక్క వాక్యం మాకు ఆ రోజు తెలిసి ఉంటే ఆమె ఈ రోజు డిగ్రీ పట్టా చేతిలో పెట్టుకొని ఉండేదేమో. తెలియకపోవడం మా తప్పు. అందుకే ఊరూరా తిరిగి ఈ మాట చెబుతున్నాం.

ప్రియులారా, ఇది కొత్త కథ కాదు. సమూయేలు రెండవ గ్రంథం 13వ అధ్యాయం తీయండి. తామారు కథ. మన మందిరాల్లో ఈ అధ్యాయం మీద ప్రసంగం ఎన్నిసార్లు విన్నారు? దావీదు గొల్యాతును కొట్టింది చెబుతాం, దావీదు కీర్తనలు పాడతాం. దావీదు కూతురి సంగతి మాత్రం దాటేస్తాం.

తామారు ఒక్కతే పొలంలో ఉన్నప్పుడు జరిగిన పని కాదు అది. రాజు ఇంట్లో జరిగింది. అందరూ ఉన్న ఇంట్లో జరిగింది. ఆ ఇంట్లో ఎవరెవరు ఏం చేశారో చూడండి. అమ్నోను తప్పు చేశాడు. అతనికి ఉపాయం చెప్పినవాడు స్నేహితుడు యోనాదాబు. ఏమీ విచారించకుండా తామారును అమ్నోను ఇంటికి పంపినవాడు తండ్రి దావీదు. చెప్పిన పని చేసి, ఆమెను బయటికి నెట్టి తలుపు గడియ వేసినవాడు పనివాడు. ఆమె తల మీద బూడిద పోసుకొని, బట్ట చింపుకొని, ఏడుస్తూ దారిన పోయింది. అంటే ఆమె ఊరుకోలేదు. ఊరంతా వినేటట్టు ఫిర్యాదు చేసింది. అప్పుడు అన్న అబ్షాలోము వచ్చి ఆమెను మౌనంగా ఉండమన్నాడు. అతడు నీ అన్నే కదా, మనసులో పెట్టుకోకు అన్నాడు. రాజుకు తెలిసింది. రాజుకు కోపం వచ్చింది. కోపం వచ్చిందని రాసి ఉంది గానీ ఆయన ఏదైనా చేసినట్టు రాసి లేదు. విచారణ లేదు. అమ్నోనును ఒక్క మాట అడిగింది లేదు.

రెండేళ్ళ తర్వాత ఏమైంది? అబ్షాలోము అమ్నోనును చంపించాడు. తర్వాత తండ్రి మీదే తిరుగుబాటు చేసి తానూ చచ్చాడు. ఇంటి పరువు కాపాడాలని మూసిన విషయం ఇంటినే కూల్చింది. తామారు మాత్రం అన్న ఇంట్లో దిక్కులేనిదై మిగిలిపోయింది. ఈ కథలో అన్నిటికంటే పెద్ద తప్పు ఒక దుర్మార్గుడిది. కానీ ఆ తర్వాతి నష్టమంతా మంచివాళ్ళు అనిపించుకున్నవాళ్ళు చేసింది.

మన యూనివర్సిటీల్లో జరిగేది చాలావరకు ఇదే.

2015 జూలై 14. గుంటూరు దగ్గర ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం. ఆర్కిటెక్చర్ మొదటి సంవత్సరం చదివే అమ్మాయి హాస్టల్లో ప్రాణం తీసుకుంది. ర్యాగింగ్ పేరుతో సీనియర్లు తనను లైంగికంగా ఎలా వేధించారో రాసి పెట్టి పోయింది. సీనియర్లను అరెస్టు చేశారు. విద్యార్థులు ఆందోళన చేస్తే యూనివర్సిటీకి సెలవులు ప్రకటించారు. విశ్రాంత ఐఏఎస్ అధికారి బాలసుబ్రహ్మణ్యం నాయకత్వంలో ప్రభుత్వం కమిటీ వేసింది. కాలేజీ నిర్వహణలో లోపాలను ఆ కమిటీ ఎత్తి చూపింది. ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997 నుంచే ఉంది. చట్టం ఉంది. కానీ ఆ పిల్ల బతికి ఉండగా తన బాధ చెప్పుకోవడానికి నమ్మకమైన తలుపు ఒక్కటీ లేకపోయింది.

2023 అక్టోబరు 18. హైదరాబాద్‌లోని ఇఫ్లూ, అంటే ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ. లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీని మళ్ళీ ఏర్పాటు చేయండి అని విద్యార్థులు అడుగుతున్న రోజులు అవి. ఆ రాత్రే క్యాంపస్ లోపల ఒక విద్యార్థిని మీద దాడి జరిగింది. విద్యార్థులు ధర్నాకు కూర్చున్నారు. చివరికి ఆందోళన చేసిన విద్యార్థుల మీద కూడా పోలీసు కేసు నమోదైంది. అడిగినవాళ్ళదే తప్పయితే రేపు ఎవరు అడుగుతారు?

2024 ఆగస్టు చివర, కృష్ణా జిల్లా గుడ్లవల్లేరు ఇంజనీరింగ్ కాలేజీ. అమ్మాయిల హాస్టల్ బాత్‌రూముల్లో రహస్య కెమెరాలు ఉన్నాయన్న మాట పుట్టి అర్ధరాత్రి విద్యార్థినులు రోడ్డెక్కారు. తర్వాత తనిఖీల్లో కెమెరాలు దొరకలేదని పోలీసులు చెప్పారు. కొందరు దీన్ని చూపించి ‘చూశారా, ఆడపిల్లలు ఊరికే గొడవ చేస్తారు’ అన్నారు. మాకు మరో సంగతి కనబడింది. ఆ పిల్లలకు యాజమాన్యం మీద నమ్మకం ఉంటే, ఫిర్యాదు ఇచ్చిన వెంటనే పద్ధతిగా విచారణ జరుగుతుందని తెలిసి ఉంటే, అర్ధరాత్రి రోడ్డు మీద నిలబడే అవసరం ఎందుకొస్తుంది? నమ్మే తలుపు లేని చోటే పుకారు పుడుతుంది.

ఇంకొకటి మన రాష్ట్రాల బయటిది. అయినా చెప్పాలి. ఒడిశాలోని బాలాసోర్‌లో ఫకీర్ మోహన్ కాలేజీ. ఒక విద్యార్థిని తన విభాగాధిపతి మీద వేధింపుల ఫిర్యాదు చేసింది. కాలేజీ కమిటీ విచారణ చేసింది. తనకు న్యాయం జరగదని ఆమెకు అనిపించింది. 2025 జూలై 12న కాలేజీ ఆవరణలోనే తన ప్రాణం మీదికి తెచ్చుకుంది. జూలై 14 రాత్రి చనిపోయింది. విభాగాధిపతినీ ప్రిన్సిపాల్‌నూ పోలీసులు అరెస్టు చేశారు. నాగార్జున యూనివర్సిటీ పిల్ల చనిపోయిన తేదీ కూడా జూలై 14. మధ్యలో సరిగ్గా పదేళ్ళు. నాగార్జునలో పిల్ల నోరు తెరిచి చెప్పలేకపోయింది. బాలాసోర్‌లో పిల్ల చెప్పింది, రాసి ఇచ్చింది, కమిటీ కూడా ఉంది. అయినా మిగల్లేదు. కమిటీ కాగితం మీద ఉండటం వేరు, పిల్ల పక్కన ఉండటం వేరు.

ఇంతకీ ఈ కమిటీలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఏ పెద్ద యూనివర్సిటీ నుంచో రాలేదు. ఒక పల్లెటూరి ఆడమనిషి కన్నీళ్ళ నుంచి వచ్చాయి. రాజస్థాన్‌లో భన్వరీ దేవి అని ఒక అక్క. కుమ్మరి కులం. ప్రభుత్వ పథకంలో గ్రామ కార్యకర్త. తన పనిలో భాగంగా బాల్యవివాహాన్ని ఆపబోయింది. దానికి కక్షగా 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. 1995లో కింది కోర్టు నిందితులను ఆ నేరం నుంచి వదిలేసింది. కానీ ఆమె వెనక నిలబడిన మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు పోయాయి. 1997 ఆగస్టు 13న విశాఖ తీర్పు వచ్చింది. పని చేసే ప్రతి చోటా ఫిర్యాదుల కమిటీ ఉండాలని ఆ తీర్పు చెప్పింది. దాని మీదే 2013లో పార్లమెంటు చట్టం చేసింది. కాలేజీలకు, యూనివర్సిటీలకు ప్రత్యేకంగా యూజీసీ 2015 పేరుతో నియమావళి తెచ్చింది. అది 2016 మేలో గెజిట్‌లో వచ్చింది. తనకు న్యాయం దొరకని ఒక పేద స్త్రీ మన పిల్లలందరికీ తలుపు తెరిచింది.

ఆ నియమాలు ఏం చెబుతున్నాయో నెమ్మదిగా చెబుతాం. పిల్లలు ఫోన్లో రాసుకోండి.

మొదటిది. ప్రతి కాలేజీలో, ప్రతి యూనివర్సిటీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. ఐసీసీ అంటారు. దానికి అధ్యక్షురాలు సీనియర్ మహిళా అధ్యాపకురాలు అయి ఉండాలి. సభ్యుల్లో సగం మందికి తగ్గకుండా మహిళలు ఉండాలి. బయటి స్వచ్ఛంద సంస్థ నుంచి ఒకరు ఉండాలి. విద్యార్థులకు సంబంధించిన విషయమైతే విద్యార్థుల నుంచి ఎన్నికైన ముగ్గురు ఉండాలి. వైస్ ఛాన్సలర్, రిజిస్ట్రార్, డీన్, విభాగాధిపతుల వంటి పెద్ద అధికారులు అందులో ఉండకూడదు. ఎందుకంటే సంస్థ పరువు చూసుకునేవాళ్ళే తీర్పరులు కాకూడదు.

రెండోది, గడువు. సంఘటన జరిగిన 3 నెలల లోపు రాసి ఇవ్వాలి. పలుమార్లు జరిగితే చివరిసారి జరిగిన రోజు నుంచి 3 నెలలు. సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో 3 నెలలు పెంచవచ్చు. ఇది గట్టిగా గుర్తు పెట్టుకోండి. ‘పరీక్షలు అయ్యేదాకా ఊరుకో’ అని చెప్పేవాళ్ళు తెలియకుండానే ఈ గడువును తినేస్తున్నారు. మేం తిన్నాం. రాయలేని పరిస్థితిలో ఉంటే రాయడానికి కమిటీ సాయం చేయాలి. శరీరం, మనసు బాగోలేక ఆమె ఫిర్యాదు చేయలేకపోతే స్నేహితులు, బంధువులు, తోటి విద్యార్థులు కూడా ఇవ్వవచ్చు.

మూడోది, నడిచే పద్ధతి. ఫిర్యాదు అందిన 7 రోజుల్లో ఎదుటివారికి ప్రతి ఇవ్వాలి. వారు 10 రోజుల్లో జవాబివ్వాలి. 90 రోజుల్లో విచారణ పూర్తి కావాలి. ఆ తర్వాత 10 రోజుల్లో నివేదిక. నివేదిక అందిన 30 రోజుల్లో, అప్పీలు లేకపోతే, సంస్థ చర్య తీసుకోవాలి. పేర్లు బయటపెట్టకూడదు.

నాలుగోది, విచారణ మధ్యలో రక్షణ. పిల్ల కోరితే సెక్షన్ మార్చవచ్చు, సెలవు ఇవ్వవచ్చు, ఎదుటి వ్యక్తిని ఆమెకు దూరంగా ఉండమని ఆదేశించవచ్చు, ఆమె పేపర్లు దిద్దకుండా ఆపవచ్చు.

అయిదోది, పోలీసు దారి. కమిటీకి ఫిర్యాదు చేస్తే పోలీసుల దగ్గరికి పోకూడదని ఎక్కడా లేదు. రెండూ చేయవచ్చు. కేసు పెట్టాలని ఆమె కోరితే సంస్థ సాయం చేయాలి. నేరం వేరే ఊళ్ళో జరిగినా దగ్గరున్న స్టేషన్‌లో జీరో ఎఫ్‌ఐఆర్ రాయాలి. కర్నూలులో జరిగిన దానికి రాయచూరులో ఫిర్యాదు ఇవ్వవచ్చు. అత్యాచారం జరిగినప్పుడు ఏ ఆసుపత్రి అయినా, ప్రైవేటుదైనా, ఉచితంగా వెంటనే వైద్యం చేయాలి. 112 అత్యవసర నంబరు, 181 మహిళల సహాయ నంబరు. వైద్యం, పోలీసు, న్యాయ సాయం ఒకే చోట దొరికే సఖి కేంద్రాలు ఉన్నాయి. మనసు బాగా కుంగిపోయినప్పుడు 14416కు ఫోన్ చేస్తే మాట్లాడేవాళ్ళు ఉంటారు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చిన పిల్లను ఒంటరిగా వదలకండి.

ఇంకో మాట కూడా ఆ నియమాల్లో ఉంది. భద్రత పేరు చెప్పి, అబ్బాయిలకు లేని ఆంక్షలను ఆడపిల్లల హాస్టళ్ళలో పెట్టకూడదని రాసి ఉంది. ఏదైనా జరిగిన వెంటనే సంస్థలు చేసే మొదటి పని ఏంటి? హాస్టల్ గేటుకు ముందుగా తాళం వేస్తాయి. లైబ్రరీ వేళలు తగ్గిస్తాయి. తప్పు చేసినవాడు బయట తిరుగుతాడు, తప్పు చేయనిది లోపల ఉంటుంది. అమ్నోను ఇంటి పనివాడు కూడా తలుపు గడియ వేసింది తామారు మీదే.

ఇక్కడ అన్నదమ్ములు కొందరు అడుగుతారు. ‘అబద్ధపు ఫిర్యాదు వస్తే మా గతి ఏంటి?’ అని. అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు కూడా విచారణే. గోవా యూనివర్సిటీలో ఒక విభాగాధిపతి మీద 2009లో విద్యార్థినులు ఫిర్యాదు చేశారు. కమిటీ హడావుడిగా విచారణ ముగించింది, ఆయన ఉద్యోగం పోయింది. ఆయన సుప్రీంకోర్టు దాకా పోయాడు. 2023 మే 12న సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసి, సరైన పద్ధతిలో విచారణ మళ్ళీ చేయమంది. ఆ తీర్పు రాసిన జస్టిస్ హిమా కోహ్లీ అంతకు ముందు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేశారు. దేశంలో ఎన్నో సంస్థల్లో కమిటీలే సరిగా లేవని కూడా ఆ తీర్పులో గట్టిగా చెప్పారు. పద్నాలుగేళ్ళ తర్వాత విచారణ మొదటికి వచ్చింది. ఎవరికి లాభం? ఆయనకూ లేదు, ఆ విద్యార్థినులకూ లేదు. పద్ధతి తప్పితే ఇద్దరూ నష్టపోతారు. పద్ధతి పాటిస్తే నిర్దోషి కూడా బయటపడతాడు. కావాలని అబద్ధం చెప్పినట్టు తేలితే చర్యకు చట్టంలో చోటుంది. కానీ రుజువు చేయలేకపోవడం అబద్ధం చెప్పడం కాదని కూడా అదే చట్టం చెబుతుంది.

తమ్ముళ్ళూ, మీకు ఇంకో మాట. అమ్నోను అవడానికి ధైర్యం లేని మగపిల్లలు కూడా యోనాదాబు అవుతారు. ఉపాయం చెప్పినవాడు, వీడియో ముందుకు పంపినవాడు, గ్రూపులో నవ్వినవాడు, ‘వాడు మన కులం వాడు, మన ఊరివాడు, వదిలెయ్’ అన్నవాడు, వీళ్ళంతా ఆ అధ్యాయంలో ఉన్నవాళ్ళే. ఇలాంటి బాధలు కొందరు అబ్బాయిలకూ, హిజ్రా విద్యార్థులకూ జరుగుతాయని యూజీసీ నియమాల్లోనే గుర్తించారు. అలా జరిగితే మీరూ ఊరుకోకండి. సిగ్గుపడవలసింది మీరు కాదు.

మన పిల్లలకు ఇంకో భారం కూడా ఉంది. మన సంఘాల్లో చాలామందిమి దళితులం. స్కాలర్‌షిప్ మీద చదివే పిల్ల నోరు విప్పితే ‘రిజర్వేషన్ మీద వచ్చి గొడవ చేస్తోంది’ అంటారు. ఆ మాట అంటారనే ఆమె ముందే నోరు కట్టేసుకుంటుంది. ఫీజు, సీటు, కులం, ఆడతనం, నాలుగూ ఒకేసారి ఆమె గొంతు మీద కూర్చుంటాయి. అందుకే ఆమెకు ఇంటి అండ మిగతావాళ్ళ కంటే ఎక్కువ కావాలి. కానీ మన ఇళ్ళలో దొరికేది తక్కువ.

ఇప్పుడు మన ఇంటి లోపలికి వద్దాం. మనకు మిషన్ కాలేజీలున్నాయి, నర్సింగ్ స్కూళ్ళున్నాయి, హాస్టళ్ళున్నాయి, బైబిలు కాలేజీలున్నాయి. ‘మనది దేవుని పని కదా, కమిటీ ఎందుకు’ అంటామా? దావీదు ఇల్లు కూడా దేవుడు ఏర్పరచుకున్న ఇల్లే. పది మంది పని చేసే ఏ సంస్థలో అయినా ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతుంది. వేయకపోతే 50,000 రూపాయల దాకా జరిమానా ఉంది. పది మంది కంటే తక్కువ ఉన్న చోట జిల్లా స్థాయి స్థానిక కమిటీకి పోవచ్చు. మన సంస్థల్లో ఆ కమిటీ ఉందా, దాని సభ్యుల పేర్లు గోడ మీద ఉన్నాయా అని అడగండి. అడగడం అవిశ్వాసం కాదు. కాపరి మీద ఫిర్యాదు వస్తే దాన్ని కాపరులే కూర్చొని ప్రార్థన చేసి మూసేయడం క్షమాపణ కాదు. క్షమించే హక్కు గాయపడిన మనిషిది. ఆమె తరఫున మనం క్షమించలేం.

కాబట్టి ఇంటికి పోయేముందు నాలుగు పనులు చేద్దాం.

పిల్లలూ, మీ కాలేజీలో కమిటీ సభ్యులు ఎవరో ఈ వారంలోనే తెలుసుకోండి. పేర్లు గోడ మీద లేకపోతే ప్రిన్సిపాల్‌ను నలుగురు కలిసి అడగండి. విద్యార్థి ప్రతినిధుల ఎన్నిక ఎప్పుడు జరిగిందో కూడా అడగండి. ఏదైనా జరిగితే మెసేజీలు తుడిపేయకండి. తేదీ, సమయం, చోటు రాసి పెట్టుకోండి.

స్నేహితులూ, మీ దగ్గరికి ఒక పిల్ల వచ్చి చెబితే ‘నువ్వెందుకు పోయావ్, ఏం బట్టలేసుకున్నావ్’ అని అడగకండి. ‘నిన్ను నమ్ముతున్నా, నీకేం చేయాలనుంది’ అని అడగండి. ఆమె చెప్పకుండా ఇంకొకరికి చెప్పకండి.

కాపరి అయ్యలూ, స్త్రీల సమాజం అక్కలూ, ఏడాదికి ఒక్కసారైనా తామారు అధ్యాయం మీద మాట్లాడండి. ఆ ఆదివారం మందిరంలో కూర్చున్న ఎవరో ఒకరికి అది మొదటిసారి తన కథ విన్నట్టు ఉంటుంది.

చివరిది, అన్నిటికంటే పెద్దది, అమ్మానాన్నలకు. ఈ రాత్రి హాస్టల్లో ఉన్న మీ పిల్లకు ఫోన్ చేయండి. ఏదైనా జరిగిందా అని అడగొద్దు. ఒక్క మాట చెప్పండి. ‘అమ్మా, నీకు ఎవరివల్ల ఏ ఇబ్బంది వచ్చినా మాకు చెప్పు. నీ చదువు మాన్పించం. నిన్ను తిట్టం. నీ పక్కన నిలబడతాం.’ ఈ మాట ముందే చెప్పాలి. జరిగిన తర్వాత చెబితే ఆమె నమ్మదు. ఆడపిల్ల నోరు మూయించేది అవతలివాడి బెదిరింపు ఒక్కటే కాదు. ‘ఇంట్లో తెలిస్తే చదువు పోతుంది’ అన్న భయం దానికంటే గట్టిగా మూయిస్తుంది. కమిటీ గదికి పోయే దారి ముందు మన ఇంటి గుమ్మం నుంచే మొదలవుతుంది. యూనివర్సిటీని మార్చడానికి మనకు ఏళ్ళు పట్టవచ్చు. ఆ భయాన్ని తీయడానికి ఈ రాత్రి ఒక ఫోన్ చాలు.

మా దగ్గరికి వచ్చిన ఆ అమ్మాయి గురించి చెప్పి ముగిస్తాం. మేం పోయి ఆమెను క్షమాపణ అడిగాం. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘ఆ రోజు మీరు నన్ను నమ్మారు. కానీ నమ్మి కూడా ఊరుకోమన్నారు. అదే నాకు ఎక్కువ బాధ’ అంది. ఆమె మిగిలిన పేపర్లు రాయడానికి ఏ దారి ఉందో ఇప్పుడు కలిసి చూస్తున్నాం. ఇంకే పిల్లకూ ఆ మాట చెప్పమని ఆమెకు మాట ఇచ్చాం. మీరు కూడా ఈ రోజు మాతో కలిసి ఆ మాట ఇవ్వాలని వేడుకుంటున్నాం.

తామారు ఏడుపు విన్న దేవుడు మన పిల్లల గొంతుకు బలమివ్వాలి. మన చెవులకు వినే మనసివ్వాలి. వినీ కదలని కోపం నుంచి మనల్ని కాపాడాలి. ఆమేన్.